మిషను మావయ్య ఇంట్లో బ్యాంకు

ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. నలభై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు కాబట్టి వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మిషను మావయ్యే. బ్యాంకు గుమాస్తా కూడా టోకెను నంబరు పిలవాల్సింది పోయి, "మిషను మావయ్యా, మీ వంతు" అని కేకేసేవాడు. వయసులో ఆ గుమాస్తాయే రెండేళ్లు పెద్ద. అయినా మావయ్య ఏనాడూ ఏమీ అనుకోలేదు.

ఇంటి ముందుగదే ఆయన కొట్టు. గోడవారగా రిపేరుకొచ్చిన మిషన్లు, కిటికీ కింద బల్ల, బల్ల మీద చిన్న దీపం, సీసాల నిండా స్క్రూలు. చొక్కా జేబులో పొడుగు ముక్కు నూనెడబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆయనకున్న ప్రతి చొక్కాకూ ఎడమ జేబు దగ్గర ఒకటే మరక. మిషను గడప దాటి లోపలికి రాగానే ఏం రోగమని అడగడు, ముందు ఒక చుక్క నూనె వేస్తాడు. అడగడం ఆ తర్వాత. "బిగుసుకున్నదాన్ని పట్టుకుని ప్రశ్నలేస్తే ఏం చెబుతుందమ్మా?" అంటాడు. పాత మిషను అన్నవాళ్లను మాత్రం కొరకొరా చూస్తాడు. ఆగిపోయిన మిషను వేరు, పాత మిషను వేరు అని ఆయన లెక్క.

ఆ నూనె మరకల మీద ముప్పై ఏళ్లు యుద్ధం చేసింది అత్తయ్య. మావయ్య ఉన్నచోట అత్తయ్య ఉండాలి కదా. ఆవిడ ఒక ఆఫీసులో ఉత్తరాలు విప్పి, విభాగాలకు పంచే పని చేసి రిటైరైంది. ఇంట్లోనూ ఉత్తరాలు, బిల్లులు, బ్యాంకు అన్నీ ఆవిడే చూసుకునేది. మావయ్య సంతకం పెట్టమన్నచోట పెట్టి ఊరుకునేవాడు. ఏడాదిన్నర క్రితం ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మొదట మాట కూడా పోయింది, ఇప్పుడు ఒక్కొక్కటిగా, వెతికి వెతికి తెచ్చుకున్నట్టు వస్తుంది. అప్పటినుంచి మావయ్య బల్లను జరిపి, రెండు గదుల మధ్య తలుపుకు ఎదురుగా వేసుకున్నాడు. మంచం మీంచి చూస్తే ఆయన వీపు కనబడుతుంది.

నెలకు రెండుసార్లు బ్యాంకు తప్పేది కాదు. ఆవిడ పెన్షనుకు ఒకసారి, ఇంటద్దె, వ్యాయామం చేయించే ఆవిడ ఫీజు పంపడానికి ఇంకోసారి. అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని, తలుపు దగ్గరగా వేసి, గబగబా వెళ్లొచ్చేవాడు. మూడు నెలల క్రితం ఒక మధ్యాహ్నం బ్యాంకులో వరుస కదల్లేదు. ఇక్కడ అత్తయ్యకు మెలకువ వచ్చింది. ఎదురుగా వీపు లేదు. పిలిచింది, ఎవరూ పలకలేదు. ఒంటికాలి మీద లేచి, గోడ పట్టుకుని, గడప దాకా వచ్చి పడిపోయింది. మావయ్య వచ్చేసరికి గంట నుంచీ నేల మీదే ఉంది. ఎముకలు విరగలేదు, కమిలిన మోకాలు పదిరోజుల్లో మానింది. కానీ ఆ రోజు నుంచి నిద్ర లేచినప్పుడల్లా ఆవిడ కళ్లు ముందు తలుపు వైపు పోతాయి. ఆయన కనబడకపోతే మంచిచెయ్యి దుప్పటిని గట్టిగా పట్టేసుకుంటుంది.

అలాంటి రోజుల్లో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. 'మా ఖాతాదారుల సౌకర్యార్థం' ఈ శాఖను నెలాఖరుకు మూసివేస్తున్నామని రాశారు. ఏ ఖాతాదారుల సౌకర్యమో మాత్రం రాయలేదు. ఇకపై అన్ని పనులూ ఇంటినుంచే కంప్యూటరులో చేసుకోవచ్చట. దానికోసం కొత్త కార్డు, ఆ కార్డును చదివే రీడరు అనే చిన్న పరికరం పంపుతున్నారట. నెలాఖరులోగా కార్డును ఒక్కసారైనా వాడితే అది పనిలోకి వస్తుంది. వాడకపోతే, ఉమ్మడి ఖాతా కాబట్టి, ఇద్దరూ స్వయంగా ప్రధాన కార్యాలయానికి రావాలి. ఆ కార్యాలయం రెండు బస్సుల దూరం, మూడో అంతస్తు.

మావయ్య ఉత్తరం పైకి చదివి వినిపించాడు.

"నేను... రాలేను," అంది అత్తయ్య.

"నువ్వెందుకు రావాలి? కంప్యూటరు ఉంది కదా మనకి," అన్నాడాయన.

ఆ కంప్యూటరు కథ కూడా చెప్పాలి. ఆరేళ్ల క్రితం పక్కవీధిలో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే ఒకావిడ, వాళ్లమ్మ కుట్టుమిషను పట్టుకొచ్చింది. చనిపోయిన అమ్మ మిషను. మావయ్య మూడురోజులు కూర్చుని దాన్ని కదిలించాడు, డబ్బు పుచ్చుకోలేదు. వారం తిరక్కుండా ఆవిడ ఒక కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పదేళ్లదండీ. విండోస్ మోయలేక చతికిలబడింది. దాని బదులు లినక్స్ వేశాను, ఇప్పుడు పరుగెడుతుంది చూడండి," అంది.

"అది ఏ కంపెనీదమ్మా?"

"కంపెనీ ఏమీ లేదండీ. ఎక్కడెక్కడివాళ్లో ఊరికే రాస్తారు, ఊరికే బాగుచేస్తుంటారు."

"ఊరికే ఎందుకు చేస్తారు?"

"మా అమ్మ మిషను మీరెందుకు చేశారు?"

మావయ్య నవ్వి కంప్యూటరును దగ్గరికి లాక్కున్నాడు. అప్పటినుంచి ఆ కంప్యూటరంటే ఆయనకు ఎక్కడలేని అభిమానం. మిషన్ల బొమ్మలు, విడిభాగాల పట్టీలు అందులోనే చూసుకునేవాడు.

అత్తయ్య తమ్ముడు, అంటే మావయ్య బావమరిది, ఆదివారాలు వచ్చి అక్కను చూసి పోతుంటాడు. మంచివాడే, కాకపోతే సలహాలు తప్ప ఇంకేమీ చేతిలో పట్టుకురాడు.

"బావా, బ్యాంకు ప్రోగ్రాం ఈ డొక్కు మీద నడవదు. కొత్తది కొనేయ్, పీడా పోతుంది," అన్నాడు.

"ఇది ఆగిందా?"

"ఆగలేదు గానీ..."

"ఆగినప్పుడు చూద్దాంలే."

"పోనీ ఓ మంచి ఫోను తీసుకో. అందులోనూ అవుతుందట."

"ఫోనుండేది మాట్లాడటానికిరా. ఈ వయసులో దాన్ని గీకుతూ కూర్చోమంటావా?"

బావమరిది అక్క వైపు తిరిగి, చూశావా నీ మొగుడి మొండితనం అన్నట్టు చేతులు తిప్పాడు. అత్తయ్య సగం మూతితో నవ్వింది. నిజానికి మొండితనం ఒకటే కాదు. కొత్త కంప్యూటరు కొనే స్తోమత ఆ నెల ఆ ఇంట్లో లేదు, ఆ సంగతి బావమరిది ముందు చెప్పడం మావయ్యకు ఇష్టం లేదు.

వారానికి బ్యాంకు పంపిన పెట్టె వచ్చింది. సబ్బుపెట్టెంత నల్లటి పరికరం, దానికో తోక, ముందువైపు కార్డు దూర్చే సందు. మావయ్య కార్డు దూర్చి చూశాడు. కొత్తది కదా, బిగుతుగా ఉంది. సగంలో ఆగి, నొక్కితే కిర్రుమంది. ఆ కిర్రు వినగానే ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. సందులో ఒక్క చుక్క. కార్డును నాలుగుసార్లు లోపలికీ బయటికీ ఆడించాడు. ఇప్పుడు వెన్నలా జారుతోంది. తృప్తిగా తల పంకించి, నూనెడబ్బా జేబులో పెట్టుకుని, ఆ సంగతి అక్కడికక్కడే మరిచిపోయాడు. చదివేవాళ్లు ముక్కున వేలేసుకుంటే వేసుకోవచ్చు. నలభై ఏళ్లుగా ప్రతి పొద్దూ చేసే పనిని ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

బ్యాంకు సైటు తెరిస్తే ఎర్ర అక్షరాల్లో, 'మీ కంప్యూటరుకు ఈ సేవ అందుబాటులో లేదు' అని వచ్చింది. హెల్ప్‌లైనుకు ఫోను చేశాడు. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆఖరికి ఒక గొంతు పలికింది.

"లినక్సా? అది ఏ కంపెనీదండీ?"

"కంపెనీ లేదు బాబూ."

"కంపెనీ లేని కంప్యూటరుకి మా సపోర్టు ఉండదండీ. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంకేం సహాయం కావాలి! మావయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను పెట్టేసి ఒక మిషను బెల్టు ఊడదీసి మళ్లీ బిగించాడు, కోపం దిగేదాకా. మర్నాడు మళ్లీ చేశాడు. ఈసారి ఒకావిడ. ఆవిడా మొదట అదే పాఠం అప్పజెప్పింది. ఆయన ఏమీ అనకుండా, "సరేనమ్మా" అని నీరసంగా అన్నాడు. అవతల గొంతు బాగా తగ్గింది.

"చూడండి, నేను చెప్పానని ఎక్కడా అనకండి. లినక్సుకి మాదే పాత ప్రోగ్రాం ఒకటుంది. సైట్లో కనబడదు గానీ తీసెయ్యలేదు. అడ్రసు చెబుతాను, రాసుకోండి. వెయ్యడం రాకపోతే నెట్లో లినక్సువాళ్ల ఫోరం ఉంటుంది, అక్కడ అడగండి. ఓపిగ్గా చెబుతారు."

"మీ పేరేంటమ్మా?"

"పేరెందుకులెండి," అని, మళ్లీ గట్టిగా, పాఠం గొంతుతో, "మా బ్యాంకుకు ఫోను చేసినందుకు ధన్యవాదాలు," అని పెట్టేసింది.

ఫోరంలో చేరడానికి ఒక పేరు పెట్టుకోమంది. మావయ్య 'కుట్టుమిషను' అని పెట్టుకున్నాడు. ఒంటి వేలితో గంటసేపు రాశాడు. అయ్యలారా, అమ్మలారా, నమస్కారం అని మొదలుపెట్టి, కంప్యూటరు ఎలా వచ్చింది, దాని వయసెంత, బ్యాంకువాళ్లు ఏమన్నారు, అన్నీ పూసగుచ్చినట్టు రాశాడు. నెలాఖరు గడువూ రాశాడు. అత్తయ్య సంగతి మాత్రం రాయలేదు. జబ్బు మాట చెప్పి పని చేయించుకోవడం ఆయనకు నచ్చదు.

మొదటిరోజు ఎవరూ పలకలేదు. రెండోరోజు ఒకరు, 'విండోస్ వేసుకో పెద్దాయనా' అని రాసి పోయారు. మూడోరోజు పొద్దున 'పాతగొడుగు' అనే పేరుతో జవాబుంది.

'కంగారు పడకండి, అవుతుంది. మీ బ్యాంకు పాత ప్రోగ్రాం నాకు తెలుసు. ముందు రీడరు తగిలించి, కింద ఇచ్చిన ఒక్క లైను కొట్టి, వచ్చినదంతా ఇక్కడ అతికించండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, అతికించండి చాలు.'

మావయ్య ఆ నాలుగు వాక్యాలు అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాడు. తెలిసినవాళ్లు చేతులెత్తేసిన పనికి, మొహం కూడా తెలియని మనిషి 'అవుతుంది' అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన కళ్లు చెమర్చాయి. చెమరిస్తే ఏం, అద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు.

తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి ఆ లైను కొట్టాడు. పాస్‌వర్డు అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడటం లేదు. అక్షరమూ లేదు, చుక్కా లేదు. కీబోర్డు పోయిందనుకున్నాడు. తిరగేశాడు, దులిపాడు, రెండు మీటలు ఊడబెరికి కింద చూశాడు. (అదృష్టం కొద్దీ దానికి నూనె వెయ్యలేదు.) ఆఖరికి ఫోరంలో రాస్తే గొడుగుగారు జవాబిచ్చారు. 'కనబడదండీ, కానీ పడుతోంది. ధైర్యంగా కొట్టి ఎంటర్ నొక్కండి.' నొక్కితే అయింది.

ఆ రోజుతో మొదలై పదకొండు రోజులు. పొద్దున్నే గొడుగుగారి దగ్గర్నుంచి రెండు మూడు లైన్లు వస్తాయి, మావయ్య కొడతాడు, వచ్చింది అతికిస్తాడు, సాయంత్రానికి ఇంకో రెండు లైన్లు వస్తాయి. బ్యాంకు పాత ప్రోగ్రాం ఎక్కింది. ఎర్ర అక్షరాలు పోయాయి. రీడరు ఉందని కంప్యూటరు ఒప్పుకుంది. తీరా కార్డు దూర్చేసరికి, 'కార్డు స్పందించడం లేదు' అంటుంది. తీసి పెట్టినా అదే, ఆపి వేసినా అదే.

"మాట... రావట్లేదా?" అంది అత్తయ్య, మంచం మీంచి.

"రావట్లేదు. వస్తుందిలే."

"నాకూ... వచ్చింది కదా," అందావిడ. మావయ్య లేచి వెళ్లి ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నాడు.

గొడుగుగారు డ్రైవరు మీద అనుమానపడ్డారు. డ్రైవరంటే రీడరు చెప్పేది కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాము. ఒకటి తీసి ఇంకోటి వేయించారు. ఏదో ఫైలులో ఒక లైను మార్పించారు. మళ్లీ యథాస్థితికి తెప్పించారు. ఎన్ని చేసినా కార్డు ఉలకదు, పలకదు. ఒక సోమవారం పొద్దున మావయ్య చూసేసరికి ఇలా ఉంది. 'మీ రీడరు మోడలుకు ఇప్పుడున్న డ్రైవరులో నిజంగానే ఒక తప్పుంది. నిన్న ఆదివారం కూర్చుని సరిచేశాను. ఇది వేసి చూడండి.'

ఆదివారం. ఎవరికోసమో. మావయ్య ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ మనిషికి ఇల్లుండదా, పనులుండవా, ఆదివారం కాళ్లు చాపుకుని పడుకోవాలని ఉండదా? కొత్త డ్రైవరు వేశాడు. కార్డు స్పందించలేదు. ఆ సంగతి గొడుగుగారికి రాయడానికి ఆయనకు చేతులు రాలేదు, అయినా సాయంత్రానికి రాశాడు.

నెలాఖరుకు అయిదు రోజులుంది. బావమరిది వారం మధ్యలోనే వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పేశాడు.

"బావా, ఇంక నాన్చకు. కారు మాట్లాడతాను. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మోసుకుని పైకి తీసుకెళదాం. ఒక్కపూట పని."

"ఒక్కపూట పని కాదురా. కార్డు ఇక్కడ పలకకపోతే ఆ తర్వాత ప్రతిసారీ నేను రెండు బస్సులు మారి వెళ్లాలి. అన్ని గంటలు దీన్ని ఒక్కదాన్నీ..." అని ఆగిపోయాడు.

అత్తయ్య వింటూనే ఉంది. మంచిచెయ్యి దుప్పటి మీదికి పోయింది.

"మొయ్యొద్దు," అంది. "అందరూ... చూస్తారు."

తమ్ముడు తల వంచుకున్నాడు. మొట్టమొదటిసారి ఏ సలహా ఇవ్వకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు గొడుగుగారి ఉత్తరం చిన్నదే. 'నాకు తట్టినవన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. కార్డు బయటికి తీసి, దాని మీద బంగారు రంగు ముక్క ఉంటుంది చూడండి, దాని మీద గీతలేమైనా పడ్డాయా?'

మావయ్య దీపం వేసుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని కార్డును వెలుగులో పట్టుకున్నాడు. గీతలేమీ లేవు. నిగనిగలాడుతోంది. ఆ నిగనిగ ఆయనకెందుకో నచ్చలేదు. బొటనవేలితో రాసి, రెండువేళ్లూ కలిపి రుద్ది చూసుకున్నాడు. ఆ జారుడు ఆయన ఎక్కడున్నా గుర్తుపట్టగలడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మెల్లగా జేబులోంచి నూనెడబ్బా తీసి బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.

పదకొండు రోజులు! ఒక మనిషి ఆదివారంతో సహా. బ్యాంకు తప్పు కాదు, లినక్సు తప్పు కాదు. తన చెయ్యే.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. 'అయిపోయిందండీ, చాలా థాంక్సు' అని ఒక్క ముక్క రాసి తప్పుకుంటే ఎవరికి తెలుస్తుంది? మొహాలు చూసుకునేది ఉందా? అలాగే రాయబోయాడు కూడా. కానీ నలభై ఏళ్లుగా ఆయన గడప ఎక్కిన ప్రతివాళ్లూ అదే మాట చెబుతూ వచ్చారు. "నేనేం చెయ్యలేదు మావయ్యా, దానంతటదే ఆగిపోయింది." లోపల చూస్తే సూది వంకరై ఉంటుంది, ఎవరో స్క్రూడ్రైవరుతో కెలికి ఉంటారు. చేసింది చెబితే సగం రోజులో అయ్యే పనికి రెండు రోజులు పట్టేది. అలాంటివాళ్లను ఆయన మనసులో ఎంత తిట్టుకున్నాడో ఆయనకు తెలుసు.

కాబట్టి రాశాడు. 'గొడుగుగారికి నమస్కారం. తప్పు మీ డ్రైవరుది కాదు, నాది. నేను కుట్టుమిషన్ల మెకానిక్కుని. కార్డు బిగుతుగా ఉందని మొదటిరోజే రీడరులో నూనె వేశాను. ఆ సంగతి ఇవాళే గుర్తుకొచ్చింది. మీ పదకొండు రోజులు, మీ ఆదివారం వృథా చేశాను. ఎలా క్షమాపణ చెప్పుకోవాలో తెలియడం లేదు.' పంపేశాక కంప్యూటరు వైపు చూడబుద్ధి కాలేదు.

అయితే నూనె వదిలించడం ఆయనకు ఒకరు నేర్పాలా? కార్డును స్పిరిటుతో తుడిచాడు. గడువు తీరిన పాత కార్డొకటి వెతికి, దానికి పలచటి గుడ్డ చుట్టి, స్పిరిటులో ముంచి రీడరు సందులో ఆడించాడు. గుడ్డ మార్చి మళ్లీ, మళ్లీ. ఆరనిచ్చాడు. అత్తయ్యకు దిండు ఎత్తు పెట్టి తెర కనబడేలా కూర్చోబెట్టాడు. కార్డు దూర్చాడు. కిర్రుమంది. ఆ కిర్రును ఈసారి ఆయన జోలికి పోకుండా వదిలేశాడు.

రీడరు మీద దీపం మూడుసార్లు మిణుకుమని, పచ్చగా నిలబడిపోయింది. బ్యాంకు పేజీ పిన్ నంబరు అడిగింది. కొట్టాడు. 'స్వాగతం' అని వచ్చి, కింద ఇద్దరి పేర్లూ వచ్చాయి. ముందు అత్తయ్యది, తర్వాత ఆయనది.

"నాదే... ముందు," అంది అత్తయ్య.

"బ్యాంకుకు కూడా తెలుసన్నమాట," అన్నాడు మావయ్య. అని, బల్ల మీద తల ఆనించుకున్నాడు.

గొడుగుగారి జవాబు మర్నాడు పొద్దున వచ్చింది. 'పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాను. క్షమాపణ ఎందుకండీ? డ్రైవరులో తప్పు మాత్రం నిజం. మీ కార్డు శుభ్రంగా ఉన్నా పాత డ్రైవరుతో తెరుచుకునేది కాదు. మీరు వదలకుండా వెంటపడకపోతే నేను అంత లోతుకు పోయేవాణ్ణి కాదు. ఇదే రీడరుతో అవస్థ పడుతున్న ఇంకో ఆరుగురు నిన్నటినుంచి అదే డ్రైవరు వేసుకుని వాడుకుంటున్నారు. అన్నిటికంటే, చేసింది చెప్పారు చూశారా, అందుకు నేనే మీకు థాంక్స్ చెప్పాలి. చాలామంది అయిపోయిందని రాసి మాయమైపోతారు. ఇంతకీ, మొట్టమొదట దాంతో ఏం చేశారు?'

ఆ ప్రశ్నకు ఏం రాయాలో మావయ్యకు తోచలేదు. ముందు మిగతా కృతజ్ఞతలు తీర్చుకుందామని కూర్చున్నాడు. పక్కవీధి కంప్యూటర్ల ఆవిడకు ఫోను చేసి, "అమ్మా, ఆ రోజు ఊరికే ఎందుకు చేస్తారని అడిగాను, గుర్తుందా? ఇంకెప్పుడూ అడగను," అన్నాడు. ఆవిడకు నూనె కథ చెబితే ఫోనులో కిందామీదా పడి నవ్వింది. తర్వాత బ్యాంకు హెల్ప్‌లైను. ఈసారి యాభై నిమిషాల సంగీతం. కంపెనీ అడిగిన అబ్బాయే పలికినట్టున్నాడు.

"మీ దగ్గర మెల్లగా మాట్లాడే ఒకావిడ ఉంది బాబూ. ఆవిడకు నా నమస్కారం చెప్పాలి."

"ఎందుకండీ?"

"ఎందుకో చెప్పకూడదు."

"ఏ ఫిర్యాదు కింద రాసుకోమంటారు?"

"ఫిర్యాదు కాదయ్యా, నమస్కారం. దానికి గడి లేదా నీ దగ్గర?"

లేదట. కానీ ఆ అబ్బాయి, "నేను టీ తాగేటప్పుడు అందరికీ చెబుతానులెండి. ఎవరో వాళ్లకే తెలుస్తుంది," అన్నాడు. మావయ్య నిన్నమొన్నటి కోపమంతా ఆ అబ్బాయికి మాఫీ చేసేశాడు.

నెలాఖరు రోజు వచ్చింది. మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తోంది. శాఖలో అది చివరి పూట, జనం కిక్కిరిసి ఉంటారు. మావయ్య బల్ల దగ్గర కూర్చుని కార్డు దూర్చాడు. అద్దె వెళ్లింది. వ్యాయామం చేయించే ఆవిడ ఫీజు వెళ్లింది. గోడ గడియారం చూసుకుంటే అయిదు నిమిషాలు కూడా కాలేదు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక అలాగే కూర్చున్నాడు. ఒక బాబిను చేతిలోకి తీసుకుని దాని దారం చిక్కు విప్పుతున్నాడు.

మంచం కిర్రుమంటే తిరిగి చూశాడు. అత్తయ్య లేచింది. కళ్లు తలుపు వైపు పోయాయి, ఆయన మీద ఆగాయి.

"బ్యాంకుకి... వెళ్లలేదా?"

"అయిపోయింది."

"అప్పుడే?"

"అప్పుడే."

ఆవిడ ఆయన్ని ఇంకాసేపు చూసింది. ఆ తర్వాత, ఆ పడిన రోజు నుంచీ ఎన్నడూ చెయ్యని పని చేసింది. గోడ వైపు తిరిగి, ఆయనకు వీపు పెట్టి, మళ్లీ నిద్రపోయింది.

మావయ్య కదలకుండా ఆవిడ ఊపిరి వింటూ చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు కీబోర్డు దగ్గరికి జరుపుకుని, ఒంటి వేలితో, చప్పుడు కాకుండా కొట్టడం మొదలుపెట్టాడు.

'గొడుగుగారికి నమస్కారం. మొదట ఏం చేశారని అడిగారు. మా ఆవిడకు పక్షవాతం. నేను బ్యాంకుకు వెళ్లినప్పుడు నన్ను వెతుక్కుంటూ లేచి ఒకసారి పడిపోయింది. అప్పటినుంచి మెలకువ వస్తే మళ్లీ పడుకోదు, నేనెక్కడికైనా పోతానని భయం. ఇవాళ లేచి, నన్ను చూసి, అటు తిరిగి పడుకుంది. ఇంకా నిద్రలోనే ఉంది. ఆ ఆదివారం కూర్చుని మీరు బాగుచేసింది అదండీ.'